పక్షుల నెలవు ఎరిగిన సలీం అలీ

పక్షులను కాపాడాలంటే వాటిని వేటాడకుండా ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. ఆ మాటలో నిజం ఉంది. కాని అది సగం నిజం మాత్రమే. చేపకు నీరు ఎలాంటిదో పక్షికి దాని చోటు అలాంటిది. మేత దొరికే నేల, దాహం తీర్చే నీరు, గూడు కట్టుకొనే చెట్టు, పిల్లలను దాచుకొనే పొద - ఇవన్నీ కలిసినదే దాని నెలవు. ఎవరూ రాయి విసరకపోయినా, తుపాకి పేల్చకపోయినా, నెలవు చెడిపోతే ఆ పక్షిజాతి మెల్లమెల్లగా కనుమరుగవుతుంది. ఈ సత్యాన్ని అడవులలో, గడ్డినేలలలో, చిత్తడినేలలలో అరవై ఏళ్లకు పైగా తిరిగి తెలుసుకొన్నవాడు, తెలుసుకొన్నదానిని దేశానికి చాటినవాడు డాక్టర్ సలీం అలీ.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన నాటి బొంబాయిలో, అంటే నేటి ముంబయిలో జన్మించాడు. పదిమంది సంతానంలో ఆయనే అందరికంటె చిన్నవాడు. ఏడాది వయస్సులో తండ్రిని, మూడేళ్ల వయస్సులో తల్లిని కోల్పోయాడు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను చేరదీశారు. సంతానం లేని ఆ దంపతులు వారిని కన్నబిడ్డలవలె పెంచారు. ఆ రోజులలో వేట గౌరవప్రదమైన వినోదంగా చెలామణి అయ్యేది. ఇంట్లో వేటకథలు వింటూ పెరిగిన సలీం తాను కూడా గొప్ప వేటగాడు కావాలని కలలు కనేవాడు.

చిన్న గాలితుపాకితో పిచ్చుకలను కొట్టడం ఆ బాలునికి ఆట. ఒకనాడు అలా కొట్టిన పిచ్చుకను చేతిలోకి తీసుకొని చూస్తే, దాని మెడమీద పసుపుపచ్చని మచ్చ కనిపించింది. ఇంటి చూరులో గూడు కట్టే పిచ్చుకలకు అటువంటి మచ్చ ఉండదు. అది ఏ పక్షి అని మేనమామను అడిగాడు. ఆయనకూ తెలియలేదు. ఆయన మేనల్లుణ్ణి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపించాడు. 1883లో ఏర్పడిన ఆ సంఘానికి అప్పుడు మిల్లార్డ్ అనే ఆంగ్లేయుడు కార్యదర్శి. ఆయన ఆ పిల్లవాణ్ణి కసరలేదు, తరిమివేయలేదు. పక్షిని పరీక్షించి, అది పసుపుమెడ పిచ్చుక అని చెప్పాడు. బీరువాల అరలు తెరిచి, భద్రపరచిన వందలాది పక్షులను చూపించాడు. చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చాడు. మన చుట్టూ ఎగిరే పక్షులలో ఇన్ని జాతులున్నాయని, ప్రతి జాతికీ ఒక పేరు, ఒక నడవడి ఉంటాయని సలీంకు ఆనాడు తెలిసింది. వేటగాని కల మెల్లగా చెదిరి, తెలుసుకోవాలనే కోరిక మొదలైంది.

కాని ఆ కోరిక తీరే దారి సులభంగా దొరకలేదు. కళాశాల చదువు కష్టమనిపించి సలీం మధ్యలోనే మానివేశాడు. కుటుంబానికి బర్మాలో గని వ్యాపారం, కలప వ్యాపారం ఉండేవి. వాటిని చూసుకోవడానికి అక్కడి తవోయ్ ప్రాంతానికి వెళ్లాడు. అక్కడ లెక్కల పుస్తకాలకంటె చుట్టూ ఉన్న అడవి ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. వ్యాపారం సాగలేదు. బొంబాయికి తిరిగివచ్చి వాణిజ్యశాస్త్రంతోపాటు జంతుశాస్త్రం కూడా చదివాడు. 1918లో తెహ్మినాతో వివాహం జరిగింది. విశ్వవిద్యాలయ పట్టా లేనందువల్ల పక్షిశాస్త్రవేత్త ఉద్యోగం ఆయనకు రాలేదు. చివరకు 1926లో బొంబాయి వస్తుప్రదర్శనశాలలో సందర్శకులకు వివరించి చెప్పే చిన్న ఉద్యోగం దొరికింది. ఆ కొద్దిపాటి జ్ఞానం చాలదని గ్రహించి, 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్లాడు. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెజ్‌మాన్ అనే గొప్ప శాస్త్రవేత్త వద్ద పక్షిశాస్త్రం అభ్యసించాడు.

1930లో తిరిగివచ్చేసరికి ఉన్న ఉద్యోగం కూడా ఊడింది. డబ్బు లేదనే కారణంతో ఆ పదవినే తీసివేశారు. చేతిలో పని లేదు. సలీం, తెహ్మినా దంపతులు బొంబాయికి ఎదురుగా ఉన్న కిహీం అనే సముద్రతీర గ్రామానికి మకాం మార్చారు. ఆ ఊళ్లో గిజిగాళ్లు గుంపులుగా గూళ్లు కట్టుకొంటున్నాయి. తాటిచెట్లకు, ఈతచెట్లకు, దిగుడుబావుల మీదికి వంగిన కొమ్మలకు వేలాడే ఆ గూళ్లను మన పల్లెలలో ఎరుగనివారు లేరు. కాని ఆ గూటిలో జరిగే సంసారం సంగతి ఎవరూ గమనించలేదు. సలీం అలీ నిచ్చెన మీద గుడ్డతో మరుగు కట్టుకొని, గంటల తరబడి కదలకుండా కూర్చొని చూశాడు. మగపక్షి గూడు సగం అల్లుతుంది. ఆడపక్షి వచ్చి పరీక్షించి, నచ్చితే అందులో కాపురం పెడుతుంది. అప్పుడు మగపక్షి గూడు పూర్తిచేసి, మరొక గూడు మొదలుపెట్టి మరొక జతను వెదుక్కొంటుంది. ఈ సంగతిని లోకానికి మొదట స్పష్టంగా వివరించినది ఆయనే. ఉద్యోగం పోయిన కాలమే ఆయనను శాస్త్రజ్ఞునిగా నిలబెట్టింది. చచ్చిన పక్షిని బల్లమీద కొలవడంకంటె, బ్రతికిన పక్షిని దాని నెలవులో చూడడమే తన మార్గమని ఆయన నిర్ణయించుకొన్నాడు.

ఆ కాలంలో మనదేశంలోని అనేక సంస్థానాలలో ఏయే పక్షులున్నాయో సరైన లెక్క లేదు. ఆ లెక్క తీస్తానని సలీం అలీ ముందుకు వచ్చాడు. జీతం అక్కరలేదని, ప్రయాణానికి, మకాములకు అయ్యే ఖర్చులు భరిస్తే చాలునని తెలియజేశాడు. మొదట అంగీకరించినది హైదరాబాదు సంస్థానం. 1931లో ఆ సర్వే మొదలైంది. నేటి తెలంగాణతోపాటు మహారాష్ట్రలోని మరాఠ్వాడా, కర్ణాటకలోని బీదరు, కలబురగి, రాయచూరు ప్రాంతాలు అప్పుడు ఆ సంస్థానంలోనే ఉండేవి. భార్యాభర్తలిద్దరూ గుడారాలలో బస చేస్తూ ఊరూరు తిరిగారు. తరువాత కొచ్చిన్, తిరువాంకూరు, మైసూరు మొదలైన సంస్థానాలలోనూ ఇటువంటి పని జరిగింది. పక్షి పేరు వ్రాసి ఊరుకోవడం ఆయన పద్ధతి కాదు. అది ఎటువంటి అడవిలో కనిపించింది, ఏ చెట్టుమీద వాలింది, ఏమి తింటున్నది, ఎప్పుడు గూడు పెట్టింది - ఇవన్నీ వ్రాసుకొనేవాడు. ఈ వ్రాతల వల్ల ఏ పక్షికి ఏ చోటు కావాలో క్రమంగా తేటపడింది.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స అనంతరం తెహ్మినా మరణించింది. అడవులలో తోడుగా నడిచిన ఇల్లాలిని పోగొట్టుకొన్న దుఃఖం ఆయనను కుంగదీసింది. తోబుట్టువు ఇంట తలదాచుకొని, మళ్లీ పనిలోనే ఊరట వెదుక్కొన్నాడు. మైసూరు సంస్థానంలో శ్రీరంగపట్టణం దగ్గర కావేరి నదిలో కొన్ని చిన్న లంకలు ఉన్నాయి. కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు ఆ లంకల చెట్లమీద వేలాదిగా గూళ్లు పెట్టడం సలీం అలీ చూశాడు. ఆ చోటును కాపాడవలసిందిగా మైసూరు ప్రభువును కోరాడు. అందువల్ల 1940లో రంగనతిట్టు పక్షుల సంరక్షణ కేంద్రం ఏర్పడింది. ఆ మరుసటి సంవత్సరం, అంటే 1941లో, భారతదేశపు పక్షుల గురించి ఆయన వ్రాసిన పుస్తకం వెలువడింది. రంగుల బొమ్మలతో, సులభమైన మాటలతో ఉన్న ఆ పుస్తకం సామాన్యులకు కూడా పక్షులను గుర్తుపట్టడం నేర్పింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆయనకు ఒక పెద్ద పరీక్ష ఎదురైంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ ఘనా అనే చిత్తడినేల ఉంది. దాని విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు. శీతకాలంలో ఉత్తర దేశాల నుండి బాతులు, కొంగలు వేలాదిగా అక్కడికి వలస వస్తాయి. అది ఒకప్పుడు భరత్‌పూర్ మహారాజుల వేటస్థలం. 1938 నవంబరులో ఒక్కరోజునే అక్కడ 4,273 పక్షులను కాల్చారు. అంత వేట జరిగినా మరుసటి ఏడు పక్షులు మళ్లీ వచ్చాయి. ఎందుకంటే వాటి నెలవు చెక్కుచెదరలేదు. స్వాతంత్ర్యానంతరం మరొక రకమైన ముప్పు వచ్చింది. దేశంలో తిండిగింజల కొరత తీవ్రంగా ఉండేది. బాతులకోసం ఇంత నీరు నిలవ ఉంచడమెందుకు, నీటిని తీసివేసి ఆ భూమిని రైతులకు పంచరాదా అని చుట్టుపక్కలవారు అడిగారు. ఆకలితో ఉన్నవారి ప్రశ్నను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. కాని వేటగాని తుపాకి పక్షులను మాత్రమే తీసుకొంటుంది, నీటిని తోడి దున్నిన నాగలి పక్షుల చోటునే తీసుకొంటుంది. ఈ భేదాన్ని గుర్తించిన సలీం అలీ ప్రధానమంత్రి నెహ్రూకు విషయాన్ని వివరించాడు. నెహ్రూ జోక్యంతో ఆ చిత్తడినేల నిలిచింది. అది 1982లో జాతీయ ఉద్యానవనం అయింది. 1985లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది.

నీరు నిలిచే నేలకు కనీసం అందం ఉంటుంది, అడవికి గౌరవం ఉంటుంది. చెట్లు లేని గడ్డినేలను మాత్రం అందరూ బీడు అనే అంటారు. ఆ బీడునే నమ్ముకొని బ్రతికే పెద్దపక్షి బట్టమేక. అది నిలబడితే మీటరు ఎత్తు ఉంటుంది. ఎగిరే పక్షులలో మిక్కిలి బరువైనవాటిలో అది ఒకటి. నేలమీదనే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఏడాదికి ఒక్కటే. జాతీయ పక్షిని ఎన్నుకొనే సమయంలో సలీం అలీ ఈ బట్టమేక పేరును గట్టిగా సూచించాడు. 1963లో నెమలి జాతీయ పక్షి అయింది. నెమలికి పురాణాలలో, పాటలలో, ప్రజల మనస్సులలో ఎప్పటినుంచో స్థానం ఉంది. ఆదరణ లేక నశించిపోతున్నది బట్టమేక. దేశమంతటి దృష్టిని దానిపైకి మళ్లించాలని ఆయన ఉద్దేశం. ఆ సూచన నెగ్గకపోయినా ఆయన ఆ పక్షిని మరువలేదు. 1980ల మొదట్లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం బట్టమేకలను గూర్చి విస్తారమైన పరిశోధన ప్రారంభించింది. నాడు కర్నూలు జిల్లాలోను, నేడు నంద్యాల జిల్లాలోను ఉన్న రోళ్లపాడు ఆ పరిశోధనాస్థలాలలో ఒకటి.

ఒకప్పుడు దక్కను పీఠభూమి మీద గడ్డినేలలు ఒకదాని తరువాత ఒకటిగా సాగి ఉండేవి. రోళ్లపాడు, బళ్లారి జిల్లాలోని సిరుగుప్ప ప్రాంతం, మహారాష్ట్రలో షోలాపూరు దగ్గరి నాన్నజ్ ఆ నేలలలోని తునకలే. మధ్యలో కాలువలు వచ్చాయి. బీళ్లు మాగాణులయ్యాయి. రోడ్లు, విద్యుత్ తీగలు, ఊళ్లు పెరిగాయి. గడ్డినేల మొత్తంమీద తగ్గడం ఒక నష్టం. మిగిలినది ముక్కలు కావడం మరొక నష్టం. ఈ రెండవ నష్టం పైకి కనిపించదు.

దీనిని అర్థం చేసుకోవడానికి వేసవిలో ఎండిపోయే చెరువును తలచుకోవచ్చు. చెరువు నిండుగా ఉన్నప్పుడు చేపలు ఈ గట్టు నుండి ఆ గట్టు దాకా తిరుగుతాయి. నీరు తగ్గేకొద్దీ చెరువు చిన్నచిన్న గుంటలుగా విడిపోతుంది. ఒక గుంటలోని చేప మరొక గుంటలోకి పోలేదు. ఒక గుంట ఎండితే అందులోని చేపలన్నీ చస్తాయి. పక్కగుంటలో నీరున్నా అది వాటికి అందదు. అన్ని గుంటలలోని నీటిని కలిపి లెక్కకట్టి, ఇంకా చాలా నీరున్నదని సంతోషించడం వల్ల ఆ చేపలకు ఒరిగేదేమీ లేదు.

అడవులు, గడ్డినేలలు ముక్కలైనప్పుడు వన్యప్రాణుల గతి కూడా ఇంతే. చిన్న ముక్కలో చిక్కుకొన్న కొద్దిపాటి ప్రాణులకు మూడు విధాల ఆపదలున్నాయి. మొదటిది, వాటికి కొత్త జతలు దొరకవు. దగ్గరి రక్తసంబంధం గలవే మళ్లీమళ్లీ జతకట్టడంతో పుట్టే సంతానం బలహీనమవుతుంది. రెండవది, ఒక కరవో, ఒక అంటురోగమో, ఒక కార్చిచ్చో వస్తే ఆ కొద్ది ప్రాణులూ ఒక్కసారిగా నశిస్తాయి. పెద్ద అడవిలోనైతే ఒక మూల పోయినా, మరొక మూల నుండి వచ్చి నింపుతాయి. ముక్కలోకి వచ్చి నింపేవారెవరూ ఉండరు. మూడవది అంచుల బెడద. ముక్క చిన్నదైనకొద్దీ దాని అంచు ఎక్కువవుతుంది. ఆ అంచుల వెంట ఊరకుక్కలు, పశువులు, మంటలు, మనుషుల సందడి లోపలికి చొరబడతాయి. నేలమీద ఒకే గుడ్డు పెట్టే బట్టమేకకు ఇంతకంటె కష్టం ఏముంటుంది? 1969లో దేశంలో సుమారు 1,260 బట్టమేకలున్నట్లు అంచనా. నేడు రెండువందలు కూడా లేవు. వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోనే మిగిలాయి. రోళ్లపాడు 1988లో సంరక్షణ కేంద్రమైనా, చుట్టూ ఉన్న బీళ్లు మారిపోవడంతో అక్కడి బట్టమేకలు క్రమంగా కరువైపోయాయి.

నెలవు ముక్కలు కాకుండా ముందుగానే అడ్డుకొన్న సందర్భం కూడా సలీం అలీ జీవితంలో ఉంది. కేరళలోని పాలక్కాడు జిల్లాలో సైలెంట్ వ్యాలీ అనే దట్టమైన వర్షారణ్యం ఉంది. కుంతి అనే నది దాని మధ్యగా ప్రవహిస్తుంది. ఆ నదిమీద ఆనకట్ట కట్టి విద్యుత్తు ఉత్పత్తి చేయాలని 1970లలో ప్రయత్నం సాగింది. మునిగిపోయేది సుమారు 830 హెక్టార్లే, అంత పెద్ద అడవిలో అది పదోవంతు కూడా కాదని సమర్థించేవారు వాదించారు. విద్యుత్తు, ఉద్యోగాలు ఆ ప్రాంత ప్రజలకు అవసరమనే మాట కూడా అబద్ధం కాదు. కాని ఆ పదోవంతు అడవికి ఏ మూలనో లేదు, నడిబొడ్డున నదిలోయలో ఉంది. అక్కడ నీరు నిలిస్తే ఈ ఒడ్డుకు, ఆ ఒడ్డుకు సంబంధం తెగిపోతుంది. పైగా రోడ్లు, కూలీల నివాసాలు, కలప నరికివేత దాని వెంట వస్తాయి. సింహపుతోక కోతి ఆ అడవిలో నివసిస్తుంది. అది చెట్లకొమ్మల మీదనే తిరుగుతుంది, నేలకు దిగడం అరుదు. కొమ్మకు కొమ్మ తగిలే అడవి తెగిపోతే దానికి దారి తెగినట్లే. సలీం అలీ ఆ లోయకు స్వయంగా వెళ్లి చూసి, ప్రాజెక్టును విరమించవలసిందిగా కోరాడు. కవులు, ఉపాధ్యాయులు, శాస్త్రజ్ఞులు, విద్యార్థులు ఎందరో ఈ ఉద్యమంలో పాల్గొన్నారు. చివరకు ప్రభుత్వం ఆ ప్రయత్నాన్ని విరమించుకొన్నది. 1984లో సైలెంట్ వ్యాలీని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

నెలవును కాపాడడమంటే కంచె వేసి మనుషులను వెళ్లగొట్టడమేనా అనే ప్రశ్న కూడా ఆ రోజులలోనే తలెత్తింది. భరత్‌పూర్‌లో చుట్టుపక్కల ఊళ్ల గేదెలు తరతరాలుగా మేసేవి. పశువుల మేత పక్షులకు హాని అని సలీం అలీ, ఆయన సంఘం భావించారు. 1982లో మేతను నిషేధించారు. గ్రామస్థులకు, పోలీసులకు ఘర్షణ జరిగి కొన్ని ప్రాణాలు కూడా పోయాయి. అయితే అదే సంఘం పదేళ్లపాటు జరిపిన పరిశోధనలో అనుకోని సంగతి బయటపడింది. గేదెలు మేయకపోవడంతో నీటిగడ్డి విపరీతంగా పెరిగి, నీటిని కప్పివేసి, బాతులకు చోటు లేకుండా చేసింది. ఆ చిత్తడినేలలో గేదెలకు కూడా ఒక పాత్ర ఉన్నదని తేలింది. తమ అభిప్రాయానికి వ్యతిరేకమైన ఈ ఫలితాన్ని సంఘంవారు దాచలేదు, ప్రకటించారు. కంటితో చూసినదే ప్రమాణమని, ఊహ ఎంత గట్టిదైనా పరిశీలనకు తలవంచవలసిందేనని సలీం అలీ జీవితమంతా పాటించిన పద్ధతికి ఇది తగినదే.

ఆయన చివరి రోజులలో తెలుగునేల నుండి ఒక శుభవార్త వచ్చింది. జెర్డాన్ అనే సైనిక వైద్యుడు 19వ శతాబ్దం మధ్యలో ఒక చిన్న పక్షిని గుర్తించి లోకానికి తెలియజేశాడు. పగలు ముళ్లపొదల నీడలో దాగి, రాత్రివేళ నేలమీద పరుగెత్తుతూ పురుగులను ఏరుకొని తినే పక్షి అది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత దాని జాడ లేదు. ఎందరో వెదికి వేసారి, ఆ జాతి అంతరించిపోయిందని అనుకొన్నారు. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలోని లంకమల కొండల చెంత, రెడ్డిపల్లి వద్ద ఆ పక్షిని మళ్లీ కనుగొన్నాడు. అక్కడివారికి అది కొత్తది కాదు. వారు దానిని కలివికోడి అని పిలుస్తారు. శాస్త్రజ్ఞులకు దారి చూపినది ఆ ఊరివారి ఎరుకే. అప్పటికి సలీం అలీ వయస్సు ఎనభైతొమ్మిదేళ్లు. నెలవు మిగిలి ఉన్నంతవరకు ఆశ మిగిలి ఉంటుందనడానికి కలివికోడి నిదర్శనమైంది.

కలివికోడికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత 2000 దశకంలో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ ముళ్లపొదల భూమికి తగిలింది. రాయలసీమ పొలాలకు, చెన్నై నగరం దాహానికి నీరు అందించే కాలువ అది. నీరు కావలసినదే, పక్షి కూడా మిగలవలసినదే. వాదోపవాదాల అనంతరం అక్కడ కాలువ దారిని మార్చారు. కాలువ ఆగిపోలేదు, పక్షి నెలవు తెగిపోలేదు. మార్గం వేయడానికి ముందే ఆలోచిస్తే రెంటికీ చోటు ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది. అయినా కలివికోడి కష్టాలు తీరలేదు. ప్రపంచంలో మిక్కిలి అరుదైన పక్షులలో అది ఒకటిగానే ఉన్నది.

సలీం అలీ అమెరికా శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండంలోని పక్షులను గూర్చి పది సంపుటాల గ్రంథాన్ని 1968 నుండి 1974 వరకు వెలువరించాడు. డెబ్బయి ఏళ్లు దాటిన వయస్సులో పూర్తిచేసిన ఆ గ్రంథం నేటికీ పరిశోధకులకు ఆధారం. భారత ప్రభుత్వం 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పురస్కారాలతో ఆయనను గౌరవించింది. 1976లో వన్యప్రాణి సంరక్షణకు గాను పాల్ గెట్టీ అంతర్జాతీయ బహుమతి లభించింది. ఆ డబ్బును తన ఇంటికి తీసుకొనిపోకుండా ప్రకృతి సంరక్షణ నిధికి ఇచ్చివేశాడు. 1985లో రాజ్యసభకు నియమితుడయ్యాడు. ఒకప్పుడు పట్టా లేదని ఉద్యోగం దక్కని మనిషికి అనేక విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేటులు ఇచ్చాయి. 1987లో, తొంభై ఏళ్ల వయస్సులో, సలీం అలీ కన్నుమూశాడు. ఆయన పేర 1990లో తమిళనాడులోని కోయంబత్తూరులో పక్షిశాస్త్ర పరిశోధనా కేంద్రం వెలిసింది.

ఆయన కాపాడిన చోట్లలో కొన్ని నేటికీ పచ్చగా ఉన్నాయి. కొన్నిటి కథ అంత సుఖంగా లేదు. భరత్‌పూర్ చిత్తడినేల నిలిచి ఉన్నది కాని, ఒకప్పుడు అక్కడికి వచ్చే తెల్లని సైబీరియా కొంగలు 2002 తరువాత రాలేదు. అవి వేలాది మైళ్లు ఎగిరివచ్చే దారిలో వేట పెరిగింది, దిగి సేదతీరే మడుగులు తరిగిపోయాయి. వచ్చి చేరే చోటు ఒక్కటి బాగుంటే చాలదు, దారిలోని మజిలీలు కూడా బాగుండాలి. పక్షికి జిల్లాల ఎల్లలు, రాష్ట్రాల హద్దులు తెలియవు. కావేరి లంకల మీది కొంగకు, షోలాపూరు బీటిమీది బట్టమేకకు, కడప పొదలలోని కలివికోడికి కావలసినది ఒక్కటే - తెగిపోని నెలవు. ఊరిచెరువు గట్టున ఉన్న తుమ్మతోపు, పొలాల నడుమ మిగిలిన గడ్డిబీడు, కాలువ వెంట సాగే చెట్లవరుస చూడడానికి చిన్నవే. కాని విడివిడిగా ఉన్న నెలవులను కలిపే దారులు కూడా అవే. ఆ దారిలో వాలే ప్రతి పక్షి, ఆ దారి ఇంకా తెగలేదని మనకు తెలియజేస్తున్నది.